ఉంటే వాడుకో, లేకపోతే చెప్పు

చి. సౌమ్యకు,

మామయ్య ఆశీస్సులు. నీ బొమ్మలు చూపించే ప్రోగ్రాం కోడు చూశాను, బాగుంది. ఏవిఫ్ రకం బొమ్మల ఫైళ్లు తెరిచే లైబ్రరీ సంగతి మాత్రం రిలీజ్‌కి ముందే సరిచేసుకో.

సోర్సు నుంచి ప్రోగ్రాంని బిల్డ్ చేసే మెషీన్‌లో అది కనిపిస్తే కలిపేస్తున్నావు, లేకపోతే చప్పుడు చేయకుండా వదిలేస్తున్నావు. దాంతో ఒకే సోర్సు నుంచి రెండు చోట్ల రెండు రకాల ప్రోగ్రాంలు తయారవుతాయి. ఎవరో ఫైలు తెరుచుకోవట్లేదని బగ్ పెడతారు, నీ దగ్గరేమో చక్కగా తెరుచుకుంటుంది. ఇక వెతుక్కో! ఇంకో తంటా కూడా ఉంది. ఏవిఫ్ వద్దనుకున్నవాడి మెషీన్‌లోనూ అది కలిసిపోతుంది. తర్వాత వాడు ఆ లైబ్రరీని తీసేస్తే నీ ప్రోగ్రాం అసలు మొదలే కాదు. జెంటూ లైనక్స్ వాళ్లు దీన్ని ‘ఆటోమ్యాజిక్’ అని ఎప్పటినుంచో తిట్టిపోస్తున్నారు.

బిల్డ్ చేయడానికి మెసాన్ వాడుతున్నావు కాబట్టి పని సులువే. ఆ ఆప్షన్‌ని ‘ఫీచర్’ రకంగా పెట్టు. ఎనేబుల్డ్ అని అడిగాక లైబ్రరీ దొరక్కపోతే బిల్డ్ అక్కడే ఆగిపోవాలి. డిసేబుల్డ్ అంటే ఎదురుగా ఉన్నా ముట్టుకోకూడదు. ఆటో, అంటే దొరికితే కలుపు, లేకపోతే వదిలెయ్ అనేది, మన ల్యాప్‌టాప్‌లకి సరిపోతుంది, ప్యాకేజీలు కట్టేవాళ్లకి కాదు. ఫెడోరా లైనక్స్‌లో ప్యాకేజీలు కట్టేటప్పుడు వాడే మెసాన్ మాక్రో (రెడీమేడ్ ఆదేశం) ఆటోలన్నిటినీ ఎనేబుల్డ్‌గా మార్చేస్తుంది తెలుసా? ఇంకోటి, నెట్ నుంచి ఫైళ్లు దింపే కర్ల్‌ని వెర్షన్ అడిగితే తను ఏయే లైబ్రరీలతో తయారైందో కూడా చెబుతుంది. నీదీ అలాగే చెప్పాలి. బగ్ పెట్టేవాళ్లని ముందు ఆ వరుస అడుగు.

పైథాన్ వైపు ఇంపోర్ట్ ఎర్రర్‌ని పట్టుకుని ‘పాస్’ (ఏమీ చేయకు) అని రాశావు. తీసెయ్. లైబ్రరీ ఉండి, దాని లోపల ఏదో చెడినా అదే ఎర్రర్ వస్తుంది, నువ్వు లేదనుకుని ముందుకు పోతావు. పట్టికల లెక్కలు చేసే పాండాస్ లైబ్రరీ పద్ధతి నాకు నచ్చుతుంది. ఎక్సెల్ ఫైళ్లు చదివే ఓపెన్‌పైఎక్సెల్ లేకపోయినా మామూలుగా పనిచేస్తుంది. ఎక్సెల్ ఫైలు చదవమన్నప్పుడే ఆగి, ఫలానాది లేదు, పిప్‌తోనో కొండాతోనో పెట్టుకోమంటుంది.

అసలు ఆ లైబ్రరీ కావాలా అన్నది కూడా ఆలోచించు. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ గొడవ గుర్తుందిగా! దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి దాంతో పనే లేదు. సర్వీసు మొదలైందని సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడానికి కొన్ని డిస్ట్రోలు (లైనక్స్ రకాలు) దానికి లిబ్‌సిస్టమ్‌డీని అతికించాయి. దాని వెనకాల ఎక్స్‌జెడ్ వాళ్ల లైబ్రరీ పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చింది, బ్యాక్‌డోర్ అనే దొంగదారిని వెంటబెట్టుకుని. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి బయటపడింది. ఆ తర్వాత 9.8 వెర్షన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ కబురు పంపే కోడుని సొంతంగా రాసేసుకుంది.

సీఐలో (కోడు మారినప్పుడల్లా దానంతటదే బిల్డ్ చేసి పరీక్షించే చోట) అన్నీ ఉన్న బిల్డ్ ఒకటి, ఏవీ లేనిది ఒకటి తిప్పు. నీకున్న నాలుగు ఆప్షన్లకి 16 కలయికలూ తిప్పక్కర్లేదు, టెన్షన్ పడకు. ఏవీ లేని బిల్డే ముందు విరుగుతుంది, ఎందుకంటే దాన్ని నువ్వు రోజూ వాడవు కదా.

ఏవిఫ్ ప్యాచ్ ముందు పంపు, చూస్తాను.

ఇట్లు,
మామయ్య