సోప్ సర్వీసు నెమ్మదిస్తే...

ప్రశ్న: మా జావా అప్లికేషన్ బిల్లుల పీడీఎఫ్‌లను సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలు పంపే పద్ధతి) ద్వారా వేరే సర్వర్‌కు పంపుతుంది. రద్దీ వేళల్లో ఒక్కో కాల్‌కు సెకన్లు పడుతోంది. జీజిప్ (డేటాను కుదించే పద్ధతి) పెట్టినా తేడా లేదు. పెద్ద సర్వర్ కొనాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. జీజిప్ ఎక్స్‌ఎంఎల్‌ను బాగా కుదిస్తుంది కానీ, పీడీఎఫ్‌లో చాలా భాగం ముందే కుదించి ఉంటుంది. పైగా ఎక్స్‌ఎంఎల్‌లో ఇమడ్చడానికి దాన్ని బేస్64లోకి (బైనరీని అక్షరాలుగా రాసే పద్ధతి) మారుస్తారు. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, అంటే సైజు 33 శాతం పెరుగుతుంది. జీజిప్ ఆ పెరిగినదాన్ని కొంత తగ్గించడానికే సీపీయూను ఖర్చు చేస్తోంది. రెండు వైపులా సోప్‌లోని ఎంటీఓఎం అనే సదుపాయాన్ని ఆన్ చేయండి. అప్పుడు ఫైలు బైనరీగానే విడి భాగంగా వెళుతుంది.

రద్దీలోనే నెమ్మదిస్తోందంటే నా అనుమానం కనెక్షన్ పూల్ (మళ్లీ వాడుకునేలా తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు) మీదే. జావాలో వెబ్ కాల్స్ చేసే లైబ్రరీ అయిన అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ 4లో ఒక చిరునామాకు డిఫాల్ట్‌గా 2 కనెక్షన్లే. మూడో కాల్ క్యూలో నిలబడాల్సిందే. ఈ పరిమితిని 20తో మొదలుపెట్టి, కొలుస్తూ పెంచండి. క్లయింట్ ఐడిల్ టైమౌట్ (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మూసేసే గడువు) సర్వర్‌దానికంటే తక్కువ ఉండాలి. లేకపోతే సర్వర్ మూసేసిన కనెక్షన్‌లోకి పంపి ‘కనెక్షన్ రీసెట్’ తెచ్చుకుంటారు. కీప్ అలైవ్ (కాల్ అయ్యాక కూడా కనెక్షన్‌ను తెరిచే ఉంచడం) లేకుంటే ప్రతి కాల్‌కూ, ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన టీఎల్‌ఎస్ 1.2లో డేటా కదలకముందే మూడు రౌండ్ ట్రిప్పులు (సర్వర్‌కు వెళ్లి వచ్చే ప్రయాణాలు) పోతాయి.

కోడ్‌లో ఒకటి చూడండి: ప్రతి కాల్‌కూ సర్వీస్ ఆబ్జెక్టు, జాక్స్‌బీ కాంటెక్స్ట్ (జావా ఆబ్జెక్టులను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే లైబ్రరీలోది) కొత్తగా సృష్టిస్తున్నారా? అవి ఖరీదైనవి, ఒక్కసారే చేసి దాచుకోండి. మార్షలర్‌ను (ఆబ్జెక్టును ఎక్స్‌ఎంఎల్‌గా రాసేది) మాత్రం థ్రెడ్ల (ఏకకాలంలో నడిచే పనుల) మధ్య పంచుకోకూడదు.