చిన్న చిప్‌లెస్ ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్‌లో డిప్‌లు కలిసిపోతుంటే ఏం చేయాలి?

ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు మెటీరియల్) మీద 8 బిట్ల ట్యాగ్ చేస్తున్నారు, అంటే చిప్ లేకుండా, కాపర్‌లో కోసిన సన్నని చీలికలతోనే (స్లాట్లతో) కోడ్ చెప్పే ట్యాగ్. సైజు తగ్గించడానికి స్లాట్లను దగ్గరికి జరిపితే పక్కపక్క డిప్‌లు (ఒక్కో స్లాట్ తన ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్‌లో తెచ్చే పల్లాలు) కలిసిపోతున్నాయి, ఇదీ మీ సమస్య. ఎంటెక్‌లో నా ప్రాజెక్టు కూడా ఇలాంటిదే. నన్నడిగితే గ్యాప్ తగ్గించడం అన్నిటికన్నా చివర్లో చేయాల్సిన పని. ముందు స్లాట్ పొడవు తగ్గించండి.

రెండు చివరలూ మూసి ఉన్న స్లాట్‌కి హాఫ్ వేవ్‌లెంగ్త్ పొడవు కావాలి. ఒక చివరను కాపర్ అంచు దాకా తెరిచేస్తే క్వార్టర్ చాలు. 4 గిగాహెర్ట్జ్‌కి లెక్క చూడండి: గాలిలో వేవ్‌లెంగ్త్ 75 మి.మీ., ఎఫ్ఆర్4 పర్మిటివిటీ (వేవ్‌లెంగ్త్‌ను ఎంత కుదిస్తుందో చెప్పే అంకె) 4.4 అనుకుంటే, గాలినీ బోర్డునూ కలిపి చూసిన ఎఫెక్టివ్ విలువ సుమారు 2.7. హాఫ్ వేవ్ స్లాట్ 22.8 మి.మీ., క్వార్టర్ వేవ్ స్లాట్ 11.4 మి.మీ. ఇది మొదటి అంచనా మాత్రమే. బోర్డు పల్చగా ఉంటుంది కాబట్టి సిమ్యులేషన్‌లో ఫ్రీక్వెన్సీ కాస్త పైకి వస్తుంది, దాన్నిబట్టి సర్దుకోవాలి.

ఆ తర్వాత స్లాట్ల వరుస మార్చండి. పొడవు క్రమంలో పేరిస్తే దగ్గర ఫ్రీక్వెన్సీలున్నవే పక్కపక్కన పడి కప్లింగ్ (ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడటం) పెరుగుతుంది. 1, 5, 2, 6, 3, 7, 4, 8 వరుసలో పెట్టి చూడండి, అదే గ్యాప్‌లో డిప్‌లు విడివిడిగా కనిపిస్తాయి. 11111111, 10101010 కోడ్‌లు (స్లాట్ ఉంటే 1, లేకపోతే 0) రెండూ సిమ్యులేట్ చేసి, ఒకే బిట్ డిప్ ఎంత జరిగిందో కొలవండి. గార్డ్ బ్యాండ్ (పక్కపక్క డిప్‌ల మధ్య వదిలే ఖాళీ) అంతకన్నా ఎక్కువ ఉండాల్సిందే. అతి తక్కువ ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర హార్మోనిక్ (అదే స్లాట్ ఇచ్చే ఇంకో డిప్) వస్తుంది, బ్యాండ్ ఆలోపే ముగించండి.

ఇంత చేసినా ఎఫ్ఆర్4 ఒక హద్దు పెడుతుంది. దాని లాస్ టాంజెంట్ (బోర్డులో సిగ్నల్ ఎంత వృథా అవుతుందో చెప్పే అంకె) 0.02 చుట్టూ ఉంటుంది కాబట్టి క్యూ (డిప్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) 50, 60 దాటడం కష్టం. అంటే 4 గిగాహెర్ట్జ్ దగ్గర డిప్ వెడల్పే 65 మెగాహెర్ట్జ్ పైన. రోజర్స్ 4003సి అనే మైక్రోవేవ్ బోర్డు అయితే లాస్ టాంజెంట్ 0.0027. ఖరీదు ఎక్కువే, కానీ బిట్లు పెంచాలంటే దానికే వెళ్ళండి.

ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళది స్లాట్ల బదులు చుట్టల్లాంటి స్పైరల్ రెజొనేటర్లు వాడే పద్ధతి, అది మీకు నప్పదు. అందులో రెండు యూడబ్ల్యూబీ (చాలా వెడల్పైన బ్యాండ్) యాంటెనాలు కావాలి, చోటంతా వాటికే పోతుంది.

కొలిచేటప్పుడు ట్యాగ్‌ను థర్మోకోల్ మీద నిలబెట్టండి, అది దాదాపు గాలిలాగే ఉంటుంది. ముందు ట్యాగ్ లేకుండా ఎస్21 (పంపిన సిగ్నల్‌లో రిసీవర్‌కి ఎంత చేరిందో చెప్పే కొలత) తీసుకుని, తర్వాతి రీడింగ్‌లోంచి తీసేయండి. ట్యాగ్ చిన్నదయ్యేకొద్దీ తిరిగొచ్చే సిగ్నల్ కూడా తగ్గుతుంది, గోడల రిఫ్లెక్షన్‌లో అది మునిగిపోతుంది. అప్పుడు స్లాట్లను 45 డిగ్రీలు వాల్చి క్రాస్ పోలరైజేషన్‌లో, అంటే పంపిన దిశకు అడ్డంగా ఉన్న సిగ్నల్‌ను, చదవండి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు వేనా, పెరె, టెడ్జినీల పేపర్లలో ఈ పద్ధతి వివరంగా ఉంది. డిప్‌ల బదులు పీక్‌లు వస్తాయి, కంగారు పడకండి.

ట్యాగ్‌ను అట్టపెట్టెకి అతికిస్తే ఫ్రీక్వెన్సీలన్నీ కిందికి జారతాయి. అందుకే ఏ కోడ్‌లోనైనా మారని రిఫరెన్స్ స్లాట్ ఒకటి పెట్టుకుని, మిగతా వాటిని దానితో పోల్చి చదవండి.