రేటింగ్ ఇల్లు, బడికి మెయిలు, వీసా భయం

అమ్మాయ్, టెక్సాస్‌లో ఇర్వింగ్ నుంచి నువ్వు రాసిన ఉత్తరంలో ప్రశ్నలు మూడే ఉన్నాయి. బాబు చేత బడిలో రోజూ జెండాకి ప్రతిజ్ఞ చెప్పిస్తున్నారట, చెప్పకపోతే ఏమవుతుందని. వాణ్ణి ఈఎస్‌ఎల్ క్లాసులో, అంటే ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకి ఇంగ్లిష్ నేర్పే క్లాసులో, వేశారట, అది చిన్నచూపు కాదా అని. వాడి యాసని ఎవరో వెక్కిరిస్తున్నారట, ఫిర్యాదు చేస్తే మీ హెచ్-1బికి ఇబ్బందా అని. చివర్లో మాత్రం, అదేదో కూరగాయలు కొన్నట్టు, ఫ్రిస్కోలో పదికి పది రేటింగ్ ఉన్న బడి పక్కన ఇల్లు కొంటున్నామని ఒక ముక్క రాశావు. ఆ ముక్క చదివాకే నాకు టెన్షన్ మొదలైంది. సరే, ముందు నువ్వు అడిగినవి.

ప్రతిజ్ఞ సంగతి చిన్నది. టెక్సాస్ చట్టం ప్రకారం రోజూ అమెరికా జెండాకీ, రాష్ట్ర జెండాకీ చెప్పిస్తారు, తర్వాత ఒక నిమిషం మౌనం. ‘మా పిల్లవాడి చేత చెప్పించవద్దు’ అని మీరు కాగితం రాసిస్తే వాడు మానేయవచ్చు. పిల్లల చేత బలవంతంగా చెప్పించకూడదని సుప్రీంకోర్టు 1943లోనే, అదీ యుద్ధం జరుగుతుండగా, వెస్ట్ వర్జీనియా కేసులో తేల్చేసింది. మా వాడు చెప్పేవాడు, పక్కింటి పిల్ల ఊరికే నిలబడేది. ఇద్దరినీ ఎవరూ ఏమీ అనలేదు. ఇందులో పైసా ఖర్చు లేదు కాబట్టి నేనూ ఎక్కువ ఆలోచించలేదు.

ఈఎస్‌ఎల్ దగ్గర మాత్రం నేను చేతులు కాల్చుకున్నాను. మా వాణ్ణి చేర్పించిన రోజు ఒక కాగితం ఇచ్చారు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? తెలుగు అని రాస్తే వెనకబెంచీ క్లాసులో పడేస్తారని, పైగా దానికి వేరే ఫీజు వేస్తారని నాకు గట్టి నమ్మకం. గుంటూరులో కాన్వెంటు ఫీజులు కట్టి వచ్చిన బుర్ర మరి. దర్జాగా ‘ఇంగ్లిష్’ అని రాశాను. వాడికి టీచరు చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదని చెప్పడానికి వాడికి సిగ్గు, నాకేమో వాడికి లెక్కలు బాగా వస్తున్నాయి కదా అని ధీమా. ఆ ఏడాది చివర్లో చదవడంలో వెనకబడ్డాడని కబురొస్తే బడిని అడగకుండా ప్రైవేటు ట్యూషన్‌లో వేశాను. అప్పుడు నాకు హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగం చేసే వీలు లేదు. ఒక్క జీతంలోంచి ఆ ట్యూషన్ డబ్బు తీసేటప్పుడు మీ అంకుల్ మొహం చూడాల్సింది. బడిలో ఊరికే వచ్చేదాన్ని నేను డబ్బు పోసి బయట కొన్నాను. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెక్కి, ఇంగ్లిష్ రాని పిల్లలకి సాయం చేయకుండా వదిలేయడం వివక్షేనని 1974లో సుప్రీంకోర్టు చేత అనిపించారు. ఇలాంటి క్లాసులు తప్పనిసరి కావడానికి ఆ తీర్పు ఒక కారణం. కాబట్టి వాణ్ణి తీయించకు. పరీక్ష పాసైతే వాళ్ళే బయటికి పంపుతారు.

ఇక వెక్కిరింత. నేనైతే మా వాడితో ఏమన్నానో తెలుసా? ‘తల వంచుకుని పో నాన్నా, మన వీసా వాళ్ళ చేతుల్లో ఉంది’ అన్నాను. వాడు నిజంగానే తల వంచుకుని తిరిగాడు, బస్సులో ముందు సీటు వదిలి కదిలేవాడు కాదు. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ, తెల్లావిడ, ఇది విని నవ్వి, బడికీ వీసాకీ సంబంధం ఏమిటి అంది. ఇదే టెక్సాస్‌లో, టైలర్ అనే ఊళ్ళో, కాగితాలు లేని పిల్లలకి ఏటా వెయ్యి డాలర్ల ఫీజు వేస్తే, అది చెల్లదని 1982లో సుప్రీంకోర్టు కొట్టేసిందని ఆవిడ చెప్తేనే నాకు తెలిసింది. కాగితాలు లేనివాళ్ళ పిల్లలకే అంత రక్షణ ఉంటే, పన్నులు కట్టే మనకి భయమెందుకు? ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ప్రిన్సిపాల్‌కి మెయిల్ రాయించింది: ఏ తేదీ, ఎవరన్నారు, ఏమన్నారు, ఏ టీచరు విన్నారు. గోల చేయలేదు, ఏడవలేదు. వారంలోపే పిలిచారు. వెక్కిరించిన పిల్లవాడి సీటు మార్చారు, వాళ్ళమ్మ వచ్చి సారీ చెప్పింది. ఆమె మంచిదే పాపం.

నువ్వూ నోటిమాటగా వదిలేయకు, మెయిల్ పెట్టు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ బడిలోనైనా జాతినిబట్టి, పుట్టిన దేశాన్నిబట్టి వేధిస్తే ఊరుకోకూడదని 1964 పౌరహక్కుల చట్టం ఉంది. పైన ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ ఆఫీసు ఉంది కానీ 2025లో అక్కడ సిబ్బందిని బాగా తగ్గించేశారు. ముందు ఊళ్ళోనే తేల్చుకోవడం మేలు. ఒక్క తేడా మాత్రం గుర్తు పెట్టుకో: బడిలో పిల్లవాడి విషయం అడగడం వేరు, వీసా మీద ఉన్న పెద్దవాళ్ళు నిరసన ఊరేగింపులకి వెళ్ళడం వేరు. 2025లో చాలామంది విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. అలాంటిదేమైనా ఉంటే నన్ను కాదు, లాయర్‌ని అడుగు.

ఇప్పుడు ఇల్లు. ఇక్కడ బడికి వచ్చే డబ్బులో పెద్ద వాటా ఇళ్ళూ ఆస్తుల మీద పన్నుల్లోంచే వస్తుంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పేటవాళ్ళు పక్కనున్న ఆలమో హైట్స్ కంటే ఎక్కువ రేటున పన్ను కట్టి కూడా, 1960ల చివర్లో ఒక్కో పిల్లవాడికి 356 డాలర్లే పెట్టగలిగారు. అక్కడ 594. ఇది అన్యాయమని రాడ్రిగెజ్ అనే తండ్రి మరికొందరితో కలిసి కేసు వేస్తే, 1973లో సుప్రీంకోర్టులో 5-4తో ఓడిపోయారు. తర్వాత రాష్ట్ర కోర్టు 1989లో తప్పు పట్టింది, 1993 నుంచి డబ్బున్న స్కూల్ డిస్ట్రిక్టుల నుంచి కొంత లాగి లేనివాటికి ఇస్తున్నారు. ‘రాబిన్‌హుడ్’ అంటారు. మనవాళ్ళు పార్టీల్లో దాన్ని తిడతారు. నాకు మాత్రం తిట్టబుద్ధి కాదు.

మేమూ పది రేటింగ్ చూసే కొన్నాం. కొత్త ఇల్లు కదా, మొదటి ఏడాది పన్ను ఖాళీ స్థలానికే వేశారు. బాగుందే అనుకున్నాం. రెండో ఏడాది మొత్తం ఇంటి మీద పడి, ఎస్క్రోలో (కిస్తీతో పాటు పన్ను కోసం కట్టించుకుని దాచే ఖాతాలో) లోటు వచ్చి, నెల కిస్తీ ఒక్కసారిగా పెరిగింది. సొంతంగా ఉండే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపు గ్రీన్‌కార్డ్ ఉంటేగానీ రాదని ఎవరో చెప్తే నమ్మి దరఖాస్తే చేయలేదు. అదీ పోయింది. ఇండియా ప్రయాణం వాయిదా, మా అత్తగారి కంటి ఆపరేషన్‌కి పంపాల్సిన డబ్బు అప్పు. ఇంత చేశాక ఏమైంది? టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లో పై పది శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో మాత్రం తాకిడి ఎక్కువై ఆ శాతం తగ్గుతూ వచ్చింది, 2026లో చేరేవాళ్ళకి 5 శాతమే. ఎడ్జ్‌వుడ్‌లాంటి బడి పిల్లలకి ఇది న్యాయం. మా వాడి బడిలో మాత్రం అందరూ మనలాంటివాళ్ళ పిల్లలే, అందరికీ తొంభై ఎనిమిదులే! వాడి ర్యాంకు గీత దాటలేదు. గార్లండ్‌లో అద్దె ఇంట్లో ఉన్న నా స్నేహితురాలి కూతురు మామూలు బడిలో చదివి హాయిగా ఆస్టిన్ వెళ్ళింది. మా వాడు వేరే కాలేజీలో చదివి బాగానే ఉన్నాడులే, ఆ లెక్క వేరు.

కొనవద్దనడం లేదు. నీ వయసులో నాకూ ఎవరైనా చెప్తే వినేదాన్ని కాదు. కానీ బిల్డర్ చూపించే మొదటి ఏడాది కిస్తీని నమ్మకు, పూర్తి ఇంటి ధర మీద పన్ను వేసి చూసుకో. నువ్వుండే ఇంటికి హోమ్‌స్టెడ్ కాగితం వెంటనే పెట్టు. ఏప్రిల్‌లో ఇంటి విలువ నోటీసు వస్తుంది. ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేయవచ్చు, అంటే ఆ విలువకి అభ్యంతరం చెప్పవచ్చు. పక్కిళ్ళు ఎంతకి అమ్ముడుపోయాయో కాగితాలు పట్టుకుని నువ్వే వెళ్ళు, ఏజెంటుకి వాటా ఇవ్వకు. అక్కడా వీసా అడగరు.