సాన పట్టిన కత్తి వారానికే మొద్దుబారుతోందా?

అన్నా, హన్మకొండలో బండి మీద సాన పట్టే పని మొదలుపెట్టాను, పట్టిన కత్తులే వారంలో మళ్లీ వెనక్కి వస్తున్నాయని రాశారు కదా. నాకైతే వేడి మీదే అనుమానం. నీళ్లు లేకుండా తిరిగే గ్రైండర్ రాయి మీద నొక్కి పట్టినప్పుడు అంచు నీలంగా మారుతోందా చూడండి. మామూలు ఉక్కు కత్తి నీలంగా మారిందంటే దాదాపు 300 డిగ్రీల దాకా కాలినట్టే, అక్కడ గట్టిదనం పోతుంది. ఆ నీలం భాగం అరిగిపోయేదాకా ఎంత పట్టినా పదును నిలవదు.

పక్కన నీళ్ల డబ్బా పెట్టుకోండి. రాయి మీద రెండుసార్లు లాగాక ఒకసారి కత్తిని ముంచాలి, వేలికి వేడి తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. చివర్లో అంచు అవతలి వైపు సన్నగా గరుకు లేస్తుంది. దాన్ని సన్నరాయి మీద తీసేసి, పాత తోలు బెల్టు మీద అంచు వెనక ఉండేలా నాలుగుసార్లు లాగండి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు.

టైలర్ల కత్తెరకు మాత్రం లోపలి చదును వైపు అస్సలు అరగదీయొద్దు, బట్ట నలుగుతుంది. నేను అట్లనే ఒకటి పాడుచేసి కొత్తది కొనిచ్చాను!

దసరా ముందు మటన్ కొట్ల వైపు తిరగండి, గిరాకీ బాగుంటుంది.