‘అప్ టు’, ‘డౌన్ ఫ్రమ్’, ‘ఔట్ ఆఫ్’: ఒక్క క్రియ పక్కన రెండేసి చిన్న మాటలు ఎందుకు?

ప్రశ్న ఇదీ: ‘వెంట్ అప్ టు’, ‘కేమ్ డౌన్ ఫ్రమ్’, ‘ర్యాన్ ఔట్ ఆఫ్’ లాంటి చోట్ల క్రియ తర్వాత రెండు మాటలెందుకు వస్తాయి, వీటిని కూడా ఫ్రేజల్ వర్బ్స్ (క్రియ పక్కన చిన్న మాటలు చేరి కొత్త అర్థం ఇచ్చేవి) లాగా బట్టీ పట్టాలా అని.

అక్కర్లేదు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. అది బట్టీ పట్టాల్సిందే, మూడు మాటల్నీ విడదీసి చూస్తే ఆ అర్థం ఎక్కడా దొరకదు. కదలికను చెప్పే జంటలు అలా కాదు. మొదటి మాట ఎటు అన్నది చెబుతుంది, దీన్ని పార్టికల్ అంటారు. రెండోది ప్రిపొజిషన్, ఆ కదలికను ఒక చోటుతో కలుపుతుంది. ఎవరి పని వారిదే. ఈ రెండు రకాలనూ ఒకే పట్టికలో కుక్కి, ఎదురుగా ఒక్కో తెలుగు అర్థం రాసి పారేసే స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలు నేర్చుకునేవాళ్లకు చేసిన చెరుపు అంతా ఇంతా కాదు.

నిజానికి తెలుగువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. ‘ఇంట్లోంచి బయటికి పరిగెత్తింది’ అంటాం కదా. ఇల్లు, లోంచి, బయటికి, పరిగెత్తింది. ఇంగ్లిష్‌లో ఇదే వరస చివరి నుంచి మొదటికి: ‘ర్యాన్’, ‘ఔట్’, ‘ఆఫ్’, ‘ద హౌస్’. అద్దంలో చూసినట్టే. మన విభక్తి నామానికి వెనక అతుక్కుంటుంది, వాళ్ల ప్రిపొజిషన్ నామానికి ముందు నిలబడుతుంది.

ఒక పిల్లి వెంట నడుద్దాం. అది మంచం కింద ఉంది. ముందు అక్కణ్ణుంచి బయటికి రావాలి: ‘క్రెప్ట్ ఔట్ ఫ్రమ్ అండర్ ద బెడ్’. ఇక్కడ ‘ఔట్ ఆఫ్’ పనికిరాదు. గది, పెట్టె, కారు లాంటి వాటి లోపలి నుంచి వస్తే ‘ఔట్ ఆఫ్’. కింద నుంచో, వెనక నుంచో, సందులోంచో వస్తే ‘ఔట్ ఫ్రమ్’ అని, ఆ తర్వాత ‘అండర్’, ‘బిహైండ్’, ‘బిట్వీన్’ తగిలించాలి.

తర్వాత గుమ్మం దాకా వచ్చింది: ‘ట్రాటెడ్ ఓవర్ టు ద డోర్’. ‘ఓవర్’ తీసేసినా వ్యాకరణం చెడదు. కానీ మధ్యలో ఉన్న జాగాను దాటి వచ్చిందన్న భావం పోతుంది. ఇంట్లోంచి దూసుకుపోయింది: ‘షాట్ ఔట్ ఆఫ్ ద హౌస్’. చాలామంది ఇక్కడ ‘ర్యాన్ ఔట్‌సైడ్ ద హౌస్’ అని రాస్తారు. అలా రాస్తే ఇంటి బయట, వాకిట్లో పరుగులు పెట్టిందనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. అమెరికావాళ్లు ‘ఔట్ ద విండో’ అని ‘ఆఫ్’ లేకుండా అంటారు. మీరు మాత్రం పరీక్షల్లో ‘ఆఫ్’ రాయండి.

అసలు చిక్కు గోడ దగ్గర. ‘ర్యాన్ అప్ టు ద వాల్’ అంటే గోడ దగ్గరికి వెళ్లి ఆగింది. ‘జంప్డ్ అప్ ఆన్‌టు ద వాల్’ అంటే ఎగిరి గోడ మీదికి చేరింది. ‘ర్యాన్ అప్ ద వాల్’ అంటే గోడనే పట్టుకుని పైకి పాకింది. మొదటి దాంట్లో ఎత్తు ప్రసక్తే లేదు. మనిషి దగ్గరికి రావడానికి కూడా ఇదే మాట: ‘హీ కేమ్ అప్ టు మీ’. మన ‘దగ్గరికి’ని నేరుగా దింపుకుని ‘హీ కేమ్ నియర్ టు మీ’ అని రాసేవాళ్లు దీన్నొక్కటి పట్టుకుంటే చాలు, ఇంగ్లిష్ సగం తేటపడుతుంది.

గోడ మీద పిల్లి ఇంకా ముందుకు సాగి గేటు దాకా వెళ్లింది: ‘వాక్డ్ ఆన్ టు ద గేట్’. ఇక్కడ ‘ఆన్’ వేరు, ‘టు’ వేరు, పలకడంలో ఊనిక ‘ఆన్’ మీద. రెండూ కలిపి ‘ఆన్‌టు’ అని రాస్తే పిల్లి గేటు మీదికి ఎక్కినట్టే. ‘ఇన్ టు’, ‘ఇన్‌టు’ సంగతీ అంతే: ‘షీ వెంట్ ఇన్ టు సీ ద డాక్టర్’లో వాటిని కలపకూడదు.

కుక్క మొరిగింది. పిల్లి మళ్లీ కిందికి, పెరట్లోకి: ‘జంప్డ్ బ్యాక్ డౌన్ ఇన్‌టు ద యార్డ్’. రెండు పార్టికల్స్ వస్తే ‘బ్యాక్’ ముందుండాలి. ‘డౌన్ బ్యాక్ ఇన్‌టు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘స్ట్రెయిట్’, ‘రైట్’ లాంటివి వాటన్నిటికంటే ముందు: ‘స్ట్రెయిట్ బ్యాక్ డౌన్’.

వస్తువును కదిలిస్తే కర్మ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగాదా. ‘టేక్ ద బాక్స్ డౌన్ ఫ్రమ్ ద షెల్ఫ్’, ‘టేక్ డౌన్ ద బాక్స్ ఫ్రమ్ ద షెల్ఫ్’ రెండూ ఒప్పే. ‘ఇట్’, ‘దెమ్’ వస్తే మాత్రం పార్టికల్‌కు ముందే రావాలి: ‘టేక్ ఇట్ డౌన్ ఫ్రమ్ ద షెల్ఫ్’. ‘టేక్ డౌన్ ఇట్’ తప్పు. చోటు ముందే తెలిసిపోతే ప్రిపొజిషన్‌నూ నామాన్నీ కలిపి తీసేయొచ్చు, పార్టికల్ ఒక్కటే మిగులుతుంది: ‘టేక్ ఇట్ డౌన్’.

మనవాళ్ల ఇంగ్లిష్ తప్పు లేకపోయినా చప్పగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. లెనర్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త భాషల్ని ఈ లెక్కన విడదీసి చూపించాడు: ఇంగ్లిష్‌లో ఎలా కదిలాడన్నది క్రియలో, ఎటు అన్నది పార్టికల్‌లో ఉంటుంది. ‘కుంటుకుంటూ రోడ్డు దాటి కొట్టుకెళ్లాడు’ అని మనం మూడు క్రియలు వాడతాం. దాన్ని అలాగే దించితే ‘హీ క్రాస్డ్ ద రోడ్ లింపింగ్ అండ్ వెంట్ టు ద షాప్’ అవుతుంది. ఇంగ్లిష్‌వాడికి ఒక్క క్రియ చాలు: ‘హీ లింప్డ్ అక్రాస్ టు ద షాప్’. ‘గో’, ‘కమ్’ పక్కన పెట్టి ‘క్రాల్’, ‘రష్’, ‘స్లిప్’, ‘క్లైంబ్’ తీసుకుని, ఒక్కోదానికీ ‘ఔట్ ఆఫ్’, ‘బ్యాక్ టు’, ‘అవే ఫ్రమ్’, ‘త్రూ టు’ తగిలించి వాక్యాలు రాయండి. జాబితాలు చదవడం కంటే ఇది వందరెట్లు మేలు.

బస్సు దిగడం గురించి కూడా చెప్పాలి. మన దేశంలో ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అంటే అందరికీ అర్థమవుతుంది, కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో ‘గెట్ ఆఫ్ (off) ద బస్’ అనాలి. బస్సు, రైలు, విమానం, బైకు అయితే ‘గెట్ ఆఫ్’, కారు, ఆటో అయితే ‘గెట్ ఔట్ ఆఫ్’. ‘గెట్ డౌన్ ఫ్రమ్’ నిచ్చెనకూ గుర్రానికీ సరిపోతుంది. ‘రిటర్న్ బ్యాక్ టు’ కూడా మానేయండి, ‘రిటర్న్’లోనే ‘బ్యాక్’ ఉంది. ఇక ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’, ‘అప్‌స్టెయిర్స్’, ‘అబ్రాడ్’ ముందు ‘టు’ రాదు: ‘గో బ్యాక్ హోమ్’, ‘కమ్ అప్ హియర్’. ‘మై హౌస్’ అంటే మాత్రం ‘టు’ కావాలి: ‘కమ్ ఓవర్ టు మై హౌస్’.