లెవెన్త్ అవర్, నిక్ ఆఫ్ టైమ్: రెండింటి అర్థం ఒకటేనా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుతున్న వారొకరు ‘అట్ ది లెవెన్త్ అవర్’, ‘ఇన్ ది నిక్ ఆఫ్ టైమ్’ అనే ఇంగ్లీషు నుడికారాలు ఒకే అర్థాన్ని ఇస్తాయా అని అడిగారు. అవి దగ్గరివే గాని, ఒకటి కావు.

మొదటిది బైబిలులోని మత్తయి సువార్త 20వ అధ్యాయం నుంచి వచ్చింది. అక్కడ ద్రాక్షతోట యజమాని ఉదయం నుంచి విడతలుగా కూలీలను పిలుస్తూ, పగటిని సూర్యోదయం మొదలు 12 గంటలుగా లెక్కించే ఆనాటి పద్ధతిలో 11వ గంటకు, అంటే మనకు సాయంత్రం 5 గంటల వేళకు, చివరి కూలీలను పనిలోకి తీసుకుంటాడు. అందుకే ఇది గడువు ముగియబోయే వేళను సూచిస్తుందే తప్ప, పని ఫలించిందా లేదా అన్నది చెప్పదు. దరఖాస్తు రుసుము కట్టడానికి ఆఖరి రోజు రాత్రి నెట్ సెంటరుకు పరుగెత్తి, సర్వర్ మొరాయించడంతో వెనుదిరిగిన వారికీ ఇది వర్తిస్తుంది. రెండవది మాత్రం గండం తప్పినప్పుడే వాడాలి. అలిపిరి నుంచి ఆటోలో వచ్చి, తిరుపతి స్టేషనులో రైలు కదలబోతుండగా ఎక్కగలిగితే అది నిక్ ఆఫ్ టైమ్. రైలు తప్పిపోతే కాదు.

పరీక్షల్లో తరచుగా కనిపించే ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కు మన ‘అమావాస్యకో పున్నానికో’ చక్కగా సరిపోతుంది. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అనడం 20వ శతాబ్దంలో పుట్టిన వాడుక. నుడికారం అంతకంటే పాతది. ‘రౌండ్ ది క్లాక్’ అంటే రాత్రింబవళ్లు అని గుర్తుంచుకుంటే చాలు.