పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బ్రిటన్ పాత మిల్లులు, గనులు, టీవీలో వాటి కథలు

ప్రశ్న: షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన మా నాన్నగారు బ్రిటన్‌లోని పాత మిల్లులు, ఆవిరి యంత్రాలు, బొగ్గు గనుల మీద తీసిన టీవీ కార్యక్రమాలను ఇష్టంగా చూస్తారు. నేనూ పక్కన కూర్చుంటాను గానీ, మనల్ని ఏలినవాళ్లు తమ గొప్పలు తామే చెప్పుకుంటున్నట్టు నాకు అనిపిస్తుంది. వీటిలో నిజంగా చూడదగ్గవి ఏవి?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఆకాశం నుంచి వంతెనలను చూపించి, వాటిని కట్టించిన దొరల పేర్లు చదివి ముగించే కార్యక్రమాలు చాలానే వచ్చాయి. వాటిని వదిలేసినా నష్టం లేదు. కానీ పని చేసిన మనిషి నోటనే ఆ పని గురించి చెప్పించినవి కూడా ఉన్నాయి. మీ నాన్నగారిని కట్టిపడేస్తున్నవి అవేనని నా నమ్మకం.

ముందుగా ఫ్రెడ్ డిబ్నా కార్యక్రమాలు చూడండి. ఈయన 1938లో ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో పుట్టాడు. మిల్లుల పొగగొట్టాలకు నిచ్చెనలు బిగించుకుంటూ కొసదాకా ఎక్కి మరమ్మతు చేయడం ఆయన వృత్తి. 1979లో బీబీసీ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి బ్రిటన్‌లో సినిమా, టీవీలకు ఇచ్చే బాఫ్టా పురస్కారం లభించింది. ఆ తరువాత ఆయనే వ్యాఖ్యాతగా మారి ఆవిరి యంత్రాల మీద, పారిశ్రామిక యుగం మీద వరుసగా కార్యక్రమాలు చేసి 2004లో కన్నుమూశాడు. బోల్టన్ చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతంలో పత్తి మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతబడుతున్న కాలం కావడంతో, నిలబెట్టే పనితో పాటు కూల్చే పని కూడా ఆయనకే వచ్చేది. ఆ కూల్చే తీరు చూసి తీరవలసినది. మందుగుండు వాడడు. గొట్టం ఏ వైపు ఒరగాలో ఆ వైపు అడుగున ఇటుకలను కొద్దికొద్దిగా తొలిచి, తొలిచిన చోటల్లా కర్ర దుంగలు ఆనించి, బరువును వాటి మీదికి తెచ్చి, చివరికి చుట్టూ కట్టెలు పేర్చి నిప్పు పెడతాడు. దుంగలు కాలిపోగానే అంత ఎత్తు గొట్టమూ అనుకున్న దిక్కుకే వాలిపోతుంది. ఎన్ని ఇటుకలు తీయాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్క ఆయన చేతుల్లో ఉంది. పరంజాల మధ్య జీవితం గడిపిన మీ నాన్నగారు ఆ దృశ్యంలో మీకూ నాకూ కనబడనివి ఎన్నో కనిపెట్టగలరు. అక్కడ ఆపి ఆయనను అడగండి. బోల్టన్ యాస మొదట కొరుకుడుపడదు కాబట్టి సబ్‌టైటిళ్లు పెట్టుకోవడం మంచిది.

కథారూపంలో చూడాలనుకుంటే 2013లో ఛానల్ 4 ప్రసారం చేసిన ‘ది మిల్’ సీరియల్ ఉంది. చెషైర్‌లో శామ్యూల్ గ్రెగ్ 1784లో నెలకొల్పిన క్వారీ బ్యాంక్ మిల్లే దాని రంగస్థలం. అనాథ పిల్లలను, పేదల ఆశ్రమాల్లో పెరిగే పిల్లలను అప్రెంటిసులుగా తెచ్చి అక్కడ పని చేయించుకునేవారు. అందులోని ఎస్తర్ ప్రైస్ కల్పిత పాత్ర కాదు, ఆ మిల్లులో పనిచేసి పారిపోయిన అమ్మాయే. తిరుగుతున్న యంత్రాల కిందికి పాకి రాలిన దూది ఏరడం ఆనాటి మిల్లుల్లో చిన్నపిల్లల పని. 9 ఏళ్ల లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టరాదని, తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు ఉండాలని చట్టం వచ్చింది 1833లో. నేత షెడ్లలోనైతే మగ్గాల మోతకు మాట వినబడక, కార్మికులు పెదవుల కదలికను బట్టే మాట్లాడుకోవడం నేర్చారు. నాడె (మగ్గంలో అటూ ఇటూ తిరిగే షటిల్) కంటిలోంచి పేక నూలును, అంటే అడ్డనూలును, నోటితో పీల్చి బయటికి లాగేవారు. ఒకే నాడె ఎందరి నోళ్లకో తగిలి రోగాలు అంటించేది. నేతపని తెలిసిన ఇళ్లలో ఈ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఇక మీరు ఎత్తిచూపిన లోపం. ఈ కార్యక్రమాలు చాలావాటిలో మిల్లు ఉంటుంది, ఆ మిల్లుకు పత్తి ఎక్కడిది, బట్ట ఎవరికి అమ్మారు అన్నది ఉండదు. క్వారీ బ్యాంక్ యజమానుల కుటుంబానికి కరీబియన్ దీవి డొమినికాలో బానిసలతో సాగు చేయించిన తోట ఉండేది. ఈ చీకటి కోణాన్ని సూటిగా చూపించినది 2015లో చరిత్రకారుడు డేవిడ్ ఒలుసోగా బీబీసీకి చేసిన కార్యక్రమం. బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది; అది అందినది యజమానులకు, బానిసలకు ఒక్క పౌండు కూడా కాదు. బ్రిటన్ పారిశ్రామిక సంపద గురించి తెలుసుకోదలచిన వారు దీనిని విడిచిపెట్టకూడదు.

మన వైపు సంగతి ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లాంకషైర్ బట్టకు అతిపెద్ద మార్కెట్టు భారతదేశమే. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు వడికే పొందూరు మనకు ఎంతో దూరంలో లేదు; అలాంటి ఊళ్ల బతుకు లాంకషైర్ కథలో సగం. స్వదేశీ ఉద్యమం వేడి అక్కడి మిల్లు కార్మికులకు తగిలిన తరువాత, 1931లో గాంధీజీ స్వయంగా లాంకషైర్‌లోని డార్వెన్ పట్టణానికి వెళ్లి వాళ్లను కలుసుకున్నారు. అక్కడి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లే ఆయన చుట్టూ చేరి ఆనందంగా కేరింతలు కొట్టిన ఫొటో నేటికీ ఉంది. ఎవరి మీద కోపగించుకోవాలో వాళ్లకు తెలుసు. అందుకే యజమానుల గొప్పల మీద మీకున్న చిరాకును ఆ కార్మికుల మీదికి పోనివ్వకండని కోరుతున్నాను.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. చిట్టివలస జూట్ మిల్లు గురించి ఇలాంటి చిన్న వీడియో తీయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: మూతబడిన గోడల దగ్గర కాదు, మనుషుల దగ్గర మొదలుపెట్టండి. వేల్స్‌లోని బిగ్ పిట్ అనే బొగ్గు గని 1980లో మూతబడి 1983లోనే మ్యూజియంగా తెరుచుకుంది. సందర్శకులను అగ్గిపెట్టెలు, ఫోన్లు పైనే పెట్టించి 90 మీటర్ల లోతుకు దింపేది ఒకప్పటి గని కార్మికులే. మన దగ్గర జూట్ మిల్లు కార్మికుల్లో చాలామంది ఇప్పటికే పెద్దవారయ్యారు కాబట్టి, మిల్లు చరిత్ర అంతా చదివిన తరువాతే వెళ్దామని ఆగకండి.

వెళ్లినప్పుడు ‘మీ అనుభవాలు చెప్పండి’ అని అడిగితే అందరూ ఒకే రెండు ముక్కలు చెబుతారు. మొదటి సైరను ఎన్ని గంటలకు, క్యారియరులో ఏం తెచ్చుకునేవారు, పని నేర్పినది ఎవరు, నార ధూళికి ఎవరెవరికి దగ్గు పట్టింది, బోనసు గొడవల్లో ఏం జరిగింది అని విడివిడిగా అడగండి. మెషీను మీద తెగిన నూలును ఎలా ముడివేసేవారో చేతులతో చేసి చూపించమని, కెమెరాను ఆ వేళ్ల మీదే ఉంచండి. ఇంట్లో గేటు పాసు, జీతం చీటీ, యూనియన్ కార్డు ఉంటే రెండు వైపులా ఫొటో తీసుకోండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను తప్పకుండా కట్టేయించండి, లేకపోతే పెద్దవాళ్ల మాట వినబడదు.